నమక్వాలాండ్ రాగి కొండ: పచ్చని మరక నుండి గని దాకా

దక్షిణాఫ్రికా అనగానే లోకానికి బంగారం, వజ్రాలు గుర్తుకు వస్తాయి. కాని వజ్రం దొరికింది 1867లో. విట్వాటర్స్‌రాండ్ బంగారం బయటపడింది 1886లో. అంతకు రెండు వందల ఏళ్లకు ముందే, 1685లో, కేప్ డచ్చి పాలకుడొకడు ఎడ్లబండ్లు కట్టించుకొని ఎడారిలాంటి ఉత్తర ప్రాంతానికి వెళ్లి ఒక కొండ పక్కన గుంటలు తవ్వించాడు. ఆయన వెదికింది రాగి. ఆ గుంటలలో ఒకటి స్ప్రింగ్‌బాక్ పట్టణానికి దగ్గరలో, కరోలస్‌బెర్గ్ వద్ద నేటికీ చూడవచ్చు. దానిని చారిత్రక చిహ్నంగా కాపాడుతున్నారు.

మన పత్రిక పాఠకులలో ఎక్కువమంది నాటాల్ వారు. నమక్వాలాండ్ మనకు దేశానికి ఆ చివర ఉన్న సీమ. వానల తరువాత ఆగస్టు, సెప్టెంబరు నెలలలో అక్కడ విరగబూసే పూల గురించి వినని వారుండరు. ఆ పూల కింద ఉన్న రాళ్ల కథ మాత్రం మనలో చాలామందికి తెలియదు. లోహం ఉన్నదని తెలియడం వేరు, దానిని గని చేయడం వేరు. ఈ రెంటి మధ్య దూరం ఎంత ఉంటుందో, ఆ దూరాన్ని లెక్కచేయని వారికి ఏమవుతుందో ఈ కొండ చెప్పినంత చక్కగా మరొకటి చెప్పలేదు. అందుకే దాని కథను కాస్త వివరంగా చెప్పాలనుకొన్నాము.

మొదట తెలిసింది ఎవరికి?

ఆ రాగి గురించి మొదట తెలిసింది అక్కడి నమా ప్రజలకు. గొర్రెలను, పశువులను మేపుకొంటూ నీటి చోటునుండి నీటి చోటుకు సాగే జనం వారు. ఏ కొండ మీద ఏ రంగు రాయి ఉన్నదో వారికి అరచేతిలో గీతలవలె తెలుసు. రాగితో పూసలు, కడియాలు చేసుకొని ధరించేవారు. కేప్‌లో డచ్చివారు 1652లో కోట కట్టుకొన్న నాటినుండి ఉత్తరాన రాగి ఉన్నదన్న మాట వారి చెవిన పడుతూనే ఉంది. 1681లో కొందరు నమాలు కేప్ కోటకు రాగి ఖనిజం ముక్కలను తెచ్చి చూపారు. దానితో డచ్చివారికి ఆశ పుట్టింది. 1682, 1683లలో ఓలోఫ్ బెర్గ్ అనే అధికారిని పంపారు. అతడు ఆ కొండలను చేరలేకపోయాడు.

చివరకు సైమన్ వాన్ డెర్ స్టెల్ తానే బయలుదేరాడు. 1685 ఆగస్టు 25న కోట విడిచిన ఆ బృందం వెంట ఎడ్లబండ్లు, గుర్రాలు, ఫిరంగులు, నదులు దాటడానికి ఒక పడవ కూడా ఉన్నాయి. నీటి చుక్క కోసం వెదుక్కొనే సీమలో పడవను మోసుకొని వెళ్లడం చూసి నమాలు ఏమనుకొన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. దాదాపు రెండు నెలల తరువాత, అక్టోబరు 21న, వారు రాగి కొండలను చేరారు. గుంటలు తవ్వారు. ఖనిజం దొరికింది, బాగానే దొరికింది.

కాని వాన్ డెర్ స్టెల్ గని తెరవలేదు. చేతికందిన రాగిని వదిలి ఎందుకు వెళ్లాడు? కేప్‌కు దూరం 500 కిలోమీటర్లకు పైమాటే. దారిలో నీరు లేదు, ఎడ్లకు మేత లేదు, ఖనిజాన్ని కరిగించడానికి కట్టెలు లేవు. పోనీ ఓడమీద తీసుకుపోదామా అంటే దగ్గరలో మంచి రేవు లేదు. అందుకోసం ఆయన సముద్రపు ఒడ్డుదాకా వెళ్లి వెదికించాడు కూడా. 1686 జనవరి 26న బృందం కోటకు తిరిగి వచ్చింది. ఆ తరువాత నూట అరవై ఏళ్లకు పైగా ఆ కొండ జోలికి పోయి గని నడిపినవారు లేరు.

ఆ ప్రయాణపు దినచర్య ప్రతి ఒకటి ఎలాగో ఐర్లండులోని డబ్లిన్ నగరానికి చేరి, అక్కడి ట్రినిటీ కళాశాల గ్రంథాలయంలో ఉండిపోయింది. అది 1932లో అచ్చయింది. దానిలో మొక్కల, జంతువుల రంగు బొమ్మలు కూడా ఉన్నాయి. అధికారుల పేర్లు, తేదీలు, మజిలీలు అన్నీ ఉన్నాయి. దారి చూపి, నీటి చోట్లు చూపి, రాగిని చూపిన నమాల సంగతి మాత్రం అంతంత మాత్రమే. ఓడ పట్టీలలో ఒక నంబరుగా నమోదై ఈ దేశానికి వచ్చిన వారి సంతతి మనం. లెక్కలో ఎవరి పేరు నిలుస్తుందో, ఎవరి పేరు జారిపోతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

పచ్చని మరక ఏమి చెబుతుంది?

రాగిని వెదికేవారికి మొదటి గుర్తు రాతి మీది పచ్చదనం. పండుగకు తీసిన రాగి చెంబును చింతపండుతో తోమకుండా తడిగా వదిలేస్తే కొన్నాళ్లకు దానిమీద పచ్చని చిలుము పడుతుంది. కొండలోనూ జరిగేది దాదాపు ఇదే. లోపలి రాతిలో రాగి, గంధకం కలిసిన ఖనిజాలు ఉంటాయి. ఇత్తడి రంగులో మెరిసేది చాల్కోపైరైట్. నెమలి కంఠంలాగా నీలి ఊదా రంగులు తేలేది బోర్నైట్. ముదురు బూడిద రంగుది చాల్కోసైట్. వీటికి గాలి, నీరు తగిలినప్పుడు గంధకం విడిపోతుంది, రాగి నీటిలో కరిగి పగుళ్లలోకి పాకుతుంది. అక్కడ మాలకైట్ వంటి పచ్చని ఖనిజంగానో, క్రిసోకొల్లా వంటి నీలిపచ్చ పొరగానో గట్టిపడుతుంది.

అయితే ఈ చిలుముకు ఒక గడుసుతనం ఉంది. పిడికెడు రాగి చాలు, గోడంత బండకు రంగు పూయడానికి. కింద పెద్ద నిక్షేపం ఉన్నా పైన పచ్చదనం పుడుతుంది, చారెడు ఉన్నా పుడుతుంది. కనుక పచ్చని మరక “ఇక్కడ రాగి ఉంది” అని చెబుతుందే కాని “ఎంత ఉంది” అని చెప్పదు. ఈ తేడాను గ్రహించని వారే ఈ సీమలో ఎక్కువగా నష్టపోయారు.

రాగి పిచ్చి

1852లో కేప్‌టౌన్ వర్తకులైన ఫిలిప్స్, కింగ్ అనే సంస్థ స్ప్రింగ్‌బాక్ వద్ద తవ్వకం ప్రారంభించింది. మేలైన ఖనిజం దొరికింది. చేతితో ఏరిన ముక్కలలో నూటికి ఇరవై పాళ్లకు మించి కూడా రాగి ఉండేది. దానిని ఎడ్లబండ్ల మీద హోండెక్లిప్ బేకు చేర్చి, ఓడలెక్కించి బ్రిటన్‌కు పంపారు. ఆ కబురు కేప్‌టౌన్ చేరగానే ఊరికి ఊరే ఊగిపోయింది. 1854లో పదుల సంఖ్యలో రాగి కంపెనీలు పుట్టుకొచ్చాయి. పచ్చని మరక ఉన్న ప్రతి బండా ఒక గని అయిపోయింది, కాగితం మీద. గుమాస్తాలు, దుకాణదారులు, వితంతువులు దాచుకొన్న సొమ్ము తెచ్చి వాటాలు కొన్నారు. చాలామంది ఆ కొండను కంటితో చూసినవారు కారు.

ఆ రోజులలో రోడ్ల నిర్మాణంలోనూ, శిలల పరిశీలనలోనూ పేరుపొందిన ఆండ్రూ గెడ్డెస్ బెయిన్‌ను ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని పరీక్షించడానికి పంపింది. కాని ఉత్సాహంలో ఉన్నవారికి లెక్కలు రుచించవు కదా. 1855 నాటికి బుడగ పేలింది. కంపెనీలు ఒకటి వెంట ఒకటి మూతపడ్డాయి. మిగిలినవి నిజంగా ఖనిజం ఉన్న కొన్ని చోట్లు, వాటిని ఓపికగా నడపగల ఒకటి రెండు సంస్థలు మాత్రమే.

అలా నిలిచినదే తరువాత కేప్ కాపర్ కంపెనీగా పేరుపొందిన సంస్థ. 1860ల ఆరంభంలో అది రంగంలోకి దిగింది. మద్రాసు నుండి ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరి మన పూర్వులను చెరకు తోటలకు పంపిన కాలమే అది. ఆ కంపెనీకి చిక్కిన ఓకీప్ గని 1870లలో ప్రపంచంలోని అత్యంత సంపన్నమైన రాగి గనులలో ఒకటిగా పేరు తెచ్చుకొంది. ఓకీప్ అన్నది నమా మాట. ఉప్పునీటి పెద్ద చోటు అని అర్థం. గనికి పేరు కూడా రాగిని బట్టి కాక నీటిని బట్టే వచ్చింది. ఆ సీమలో ఏది అరుదో దీన్నిబట్టి తెలుస్తుంది.

వాన్ డెర్ స్టెల్‌ను వెనక్కు పంపిన చిక్కు రవాణా. దానిని విప్పింది రైలు. పోర్ట్ నోలొత్ రేవునుండి ఓకీప్ దాకా సుమారు 150 కిలోమీటర్ల సన్నదారి రైలు మార్గాన్ని 1869లో మొదలుపెట్టి 1876 నాటికి పూర్తిచేశారు. మొదట్లో ఆ పట్టాల మీద బండ్లను లాగినవి ఆవిరి యంత్రాలు కావు, కంచర గాడిదలు. ఎండలో ఇంజన్లకు కావలసినంత నీరు దొరకదన్న భయం అందుకొక కారణం. పైన నీటి కరువు ఉన్న ఆ చోటనే గని అడుగున ఊరే నీరు పనికి అడ్డం వచ్చేది. దానిని తోడడానికి 1882లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుండి పెద్ద ఆవిరి పంపును తెప్పించారు. ఆ యంత్రశాల ఓకీప్‌లో ఇప్పటికీ నిలిచి ఉంది.

సిర కాదు, మడత

పంపుతోపాటు కార్న్‌వాల్ గని పనివారు కూడా వచ్చారు. వారి అనుభవం సిరల మీద. భూమిలోని పగులులోకి వేడి నీరు ఎక్కివచ్చి, తనలో కరిగిన లోహాన్ని గోడలకు పేర్చిపోతే ఏర్పడే సన్నని పొడవైన పట్టీని సిర అంటారు. సిర దొరికితే దాని వెంట పోవడమే పని. మైళ్ల కొద్దీ సాగే సిరలు కార్న్‌వాల్‌లో ఉన్నాయి. నమక్వాలాండ్‌లో ఆ లెక్క పనిచేయలేదు. ఖనిజం ముద్దలా ఒకచోట లావుగా దొరికేది, పది గజాలు పోగానే తెగిపోయేది, మరెక్కడో మళ్లీ లేచేది. ఎందుకో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు.

ఈనాడు శాస్త్రజ్ఞులు చెప్పే కారణం ఇది. ఆ ప్రాంతమంతా గ్రానైటు, నైస్ అనే పురాతన శిలలు. ఇవి భూమి లోతున విపరీతమైన వేడికి, ఒత్తిడికి గురై, పుస్తకం పుటలలాగా చదునైన పొరలు తేరాయి. సుమారు నూరు కోట్ల ఏళ్ల కిందట ఆ పొరలు కొన్నిచోట్ల నలిగి నిలువుగా లేచాయి. మంచం మీద పరచిన దుప్పటిని రెండు చేతులతో దగ్గరకు నెట్టితే నడుమ సన్నని మడత నిలువుగా లేస్తుంది కదా, అలాగన్నమాట. ఇంగ్లీషులో వీటికి “స్టీప్ స్ట్రక్చర్స్” అని పేరు. అంటే నిటారు మడతలు.

ఆ బలహీనమైన మడతల వెంట కిందినుండి కరిగిన శిలాద్రవం పైకి ఎక్కింది. గడ్డకట్టి డైకులుగా, గోడలవంటి శిలలుగా మిగిలింది. ఈ శిలల కుటుంబానికి కోపర్‌బెర్గ్ అని పేరు పెట్టారు. డచ్చి భాషలో రాగి కొండ అని అర్థం. అవన్నీ ఒకే రకం కావు. తెల్లగా పాలిపోయిన అనోర్థోసైట్ ఉంది, నలుపు తెలుపు కలిసిన డయోరైట్ ఉంది, బరువైన నల్లని నోరైట్, హైపర్‌స్తీన్ శిలలు ఉన్నాయి. మేలైన రాగి ఎక్కువగా ఆ నల్లని శిలలలోనే ఉంది. పులుసులో నూనె బొట్లు విడిపోయినట్లు శిలాద్రవంలో లోహమూ గంధకమూ కలిసిన బొట్లు విడిపోయి ఒకచోట చేరాయని పలువురి అభిప్రాయం. నూనె తేలిక కనుక పైకి తేలుతుంది; ఇవి బరువు కనుక ద్రవం నెమ్మదించిన చోట దిగబడతాయి.

ఇది తెలిశాక పాత చిక్కుముడి విడింది. వెదకవలసింది సిరను కాదు, నిటారు మడతను. మడతలో నల్లని శిలను. మడత వంకర తిరిగితే ఖనిజమూ తిరుగుతుంది, అది సన్నబడిన చోట ఖనిజమూ తెగుతుంది. ఈ జాతి శిలలు ఆ ప్రాంతంలో వెయ్యికి పైగా లెక్కకు వచ్చాయి. వాటిలో గనులుగా నిలబడినవి మాత్రం ముప్ఫై దరిదాపుల్లోనే. 1854లో ప్రతి పచ్చని మరకకూ ఒక కంపెనీ పెట్టినవారు ఏ పందెం కాశారో దీనినిబట్టి ఊహించుకోవచ్చు.

కొండ కింద కొండ

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక రాగి ధర పడిపోయింది, పైపైన ఉన్న గొప్ప ఖనిజమూ తరిగింది. గనులు మూతపడ్డాయి. 1937లో అమెరికా పెట్టుబడితో ఓకీప్ కాపర్ కంపెనీ ఏర్పడిన తరువాత రెండవ దశ మొదలైంది. ఈసారి గునపానికి ముందు పటం వచ్చింది. భూగర్భ శాస్త్రజ్ఞులు కొండ కొండా తిరిగి ప్రతి మడతనూ పటంలోకి ఎక్కించారు. నల్లని శిలలలో ఇనుపరాయి, అంటే మాగ్నెటైట్ కూడా ఉంటుంది. దిక్సూచి ముల్లును కదిలించే ఆ అయస్కాంత గుణాన్ని పరికరాలతో కొలిచి, మట్టి కింద దాగిన శిలలను కూడా కనిపెట్టారు.

ఆ తరువాతే డ్రిల్లింగ్. వజ్రపు పలుకులు పొదిగిన గొట్టాన్ని రాతిలోకి తిప్పితే లోపలి రాయి కడ్డీలా తెగి పైకి వస్తుంది. ఆ కడ్డీలను వరుసగా పెట్టెలలో పేర్చి, ఏ లోతున ఏ రాయి, అందులో ఎంత రాగి అని ప్రయోగశాలలో పరీక్షిస్తారు. ఒక్క రంధ్రం ఒక గీత మాత్రమే. దాని పక్కన మరొకటి, ఇంకొకటి వేసి చూస్తేనే లోపలి ముద్ద ఆకారం తెలుస్తుంది. ఈ దశలో ఖనిజంలో రాగి నూటికి రెండు పాళ్లకు లోపే. కాని పెద్ద యంత్రాలు, మరలు, రైలు, కరెంటు ఉన్నాయి కనుక అదే గిట్టుబాటయింది.

ఇలా వెదుకుతూ పోగా 20వ శతాబ్దపు రెండవ సగంలో ఈ మొత్తం ప్రాంతంలోని అతిపెద్ద గనులలో ఒకటి ఎక్కడ తెరుచుకొంది? కరోలస్‌బెర్గ్‌లో. 1685లో వాన్ డెర్ స్టెల్ గుంట తవ్వించిన ఆ కొండ కిందనే. ఆ డచ్చివారు దిగింది కొన్ని మీటర్లు. ఖనిజం అక్కడినుండి ఒక కిలోమీటరుకు మించిన లోతు దాకా ఉంది. ఆయన నిలబడిన చోటు సరైనదే, నమాలు చూపినదీ సరైనదే. కావలసినవి నీరు, దారి, రేవు, యంత్రం, అన్నిటికంటె మిన్నగా ఆ రాయి ఎలా పుట్టిందో తెలిసిన తెలివి. అవి సమకూడడానికి మూడు వందల ఏళ్లకు కొద్దిగా తక్కువ పట్టింది.

1852 నుండి లెక్కవేస్తే ఆ సీమ సుమారు 20 లక్షల టన్నుల రాగిని లోకానికి ఇచ్చింది. 2000 తరువాత కొద్ది ఏళ్లలో పాత పెద్ద గనుల శకం ముగిసింది. గుట్టలకొద్దీ గనిపొట్టు, పనిలేని పట్టణాలు మిగిలాయి. రాగి చూపిన ప్రజల సంతతికి దక్కింది చాలావరకు గని కూలి. గని పోయాక అదీ లేదు. ఉత్తర నాటాల్‌లోని న్యూకాసిల్, డండీ బొగ్గు గనులలో మనవారూ దిగారు. 1913 నాటి సమ్మె ఆ గనులలోనే రాజుకొంది. కనుక నమక్వాలాండ్ కూలి కథ మనకు పరాయి కథ కాదు.

మన పూర్వుల సీమలో

ఇటువంటి గుర్తులు మన పూర్వుల సీమలోనూ ఉన్నాయి. నేటి పల్నాడు జిల్లాలోని అగ్నిగుండాల ప్రాంతంలో పాతకాలపు తవ్వకాల ఆనవాళ్లు చూసి, భారత భూగర్భ సర్వే శాఖ రాగి, సీసాల కోసం విస్తృతంగా పరిశోధన చేసింది. నల్లకొండ, ధూకొండ వైపు రాగి, బండ్లమొట్టు వైపు సీసం కనిపించాయి. అయితే అక్కడి శిలలు వేరు. అవి నీటి అడుగున పేరుకొని గట్టిపడిన కడప శిలల వరుసకు చెందినవి. నమక్వాలాండ్ తాళపు చెవి అక్కడి తాళానికి పట్టదు. ఏ సీమ రాయిని ఆ సీమలోనే చదవాలి. ఒక్క సంగతి మాత్రం రెండుచోట్లా సమానం: శాస్త్రజ్ఞుడికి దారి చూపినవి పేరు తెలియని పాతవారి గుంటలే.

వార్త చదివే విధం

2020 తరువాత కంపెనీలు ఓకీప్ ప్రాంతపు పాత డ్రిల్లింగ్ లెక్కలను దుమ్ము దులిపి మళ్లీ పరిశోధన సాగించాయి. విద్యుత్తు వాడకం పెరిగే కొద్దీ రాగికి గిరాకీ పెరుగుతోంది. కాబట్టి “గొప్ప రాగి నిక్షేపం” అన్న వార్తలు, వాటా కొనమనే పిలుపులు ఇకముందు మన ఇళ్లకూ వస్తాయి. కష్టపడి కూడబెట్టుకొన్న కుటుంబాలు మనవి. అటువంటి వార్త చదివినప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. చెబుతున్నది పైన కనిపించిన మరక గురించా, డ్రిల్లింగ్‌లో తేలిన రాయి గురించా? ఒక్క రంధ్రమా, ఆకారం తెలిసేటన్ని రంధ్రాలా? నూటికి ఎన్ని పాళ్లు, ఎన్ని టన్నులు, ఎంత లోతున? నీరు ఎక్కడినుండి వస్తుంది, సరుకు ఏ దారిన పోతుంది? గని మూతపడ్డాక ఆ నేలను ఎవరు బాగుచేస్తారు, అక్కడి ప్రజలకు ఏమి మిగులుతుంది?

వీటికి జవాబు లేని చోట ఉన్నది చిలుమే కాని చెంబు కాదనుకోవాలి. మన పిల్లలలో సైన్సు చదివేవారు పెరుగుతున్నారు. వారిలో కొందరైనా డాక్టరు, వకీలు చదువులతోపాటు భూగర్భ శాస్త్రం వైపు కూడా చూడాలని మా కోరిక. సెలవులలో నమక్వాలాండ్ పూలు చూడడానికి వెళ్లే కుటుంబాలు కరోలస్‌బెర్గ్ దాకా వెళ్లి ఆ పాత గుంటను కూడా పిల్లలకు చూపితే మంచిది. గుంట చిన్నదే. దాని ముందు నిలబడి ఈ కథ చెబితే, ఆ రాతి మీది పచ్చదనంలో ఏమి చదవాలో వారికి తెలుస్తుంది.